పోర్షే 911 బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది, ముందు మూత తెరుచుకోవడం లేదు: ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. చెన్నై అన్నానగర్‌లో మీ అపార్ట్‌మెంటు సెల్లార్‌లో మీ బావగారి 2010 మోడల్ పోర్షే 911 రెండు నెలలుగా కదలకుండా ఉంది. ఆయన వచ్చే వారం సింగపూర్ నుంచి వస్తున్నారు, ఆదివారం తెల్లవారుజామున ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా మహాబలిపురం వెళ్ళాలని అనుకుంటున్నారు. రిమోట్ నొక్కితే కారులో ఉలుకూ పలుకూ లేదు. ముందు మూత, వెనక మూత రెండూ తెరుచుకోవడం లేదు. బ్యాటరీ ఎక్కడుందో మీకు తెలియదు. నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు తన లారీ నుంచి వైర్లు లాగి స్టార్ట్ చేద్దామంటున్నాడు, వాచ్‌మన్ నలుగురు కలిసి తోద్దామంటున్నాడు. ఒక్క వైరు కూడా తగిలించకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ఈ ఊళ్ళో ఇలాంటి కార్ల కరెంటు పనే నా వృత్తి. బ్యాటరీ దిగిపోయి చెడిపోయిన కార్ల కంటే, దిగిపోయిన బ్యాటరీని ఆదరాబాదరాగా లేపబోయి చెడగొట్టిన కార్లే నా దగ్గరకు ఎక్కువగా వస్తాయి.

ముందు లారీ సంగతి. పెద్ద లారీల్లో, బస్సుల్లో చాలావాటికి 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటాయి. అంటే 24 వోల్టులు. మీ కారులో ప్రతి వస్తువూ 12 వోల్టుల కోసం తయారైంది. 24 వోల్టులు తగిలితే ఇంజిన్ కంప్యూటర్, గేర్‌బాక్స్ కంప్యూటర్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్, స్టీరియో, వీటిలో ఏది ముందు పోతుందో చెప్పలేం. ఆ డ్రైవరు మంచి మనసుతోనే అడిగి ఉంటాడు. రోడ్డు మీద బండి ఆగిపోతే పరుగున వచ్చేది అలాంటి మనుషులే. అయినా ఈ పనికి వద్దని మర్యాదగా చెప్పండి.

తోయడం కూడా పనికిరాదు. ఆటోమేటిక్ అని రాశారు, 2010 మోడల్ కనుక అది పీడీకే, అంటే పోర్షే వారి రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. పార్కులో ఉంటే వెనక చక్రాలు తిరగవు. ఎలాగో న్యూట్రల్‌లోకి తెచ్చినా ఉపయోగం లేదు, ఎందుకంటే అందులోని క్లచ్‌లు ఆయిల్ ఒత్తిడితో పట్టుకుంటాయి, ఆ ఒత్తిడి ఇంజిన్ తిరిగితేనే పుడుతుంది. ఇంజిన్ ఆగి ఉన్నంతసేపు చక్రాల బలం దాని దాకా చేరదు. వెనక బంపరు మీద నలుగురి చేతులు వేయించి పెయింటు పాడుచేసుకోవడం తప్ప ఏమీ మిగలదు.

ఇక బ్యాటరీ. 911కు ఇంజిన్ వెనక ఉంటుంది కనుక బ్యాటరీ కూడా వెనకే ఉంటుందని చాలామంది వెనక మూత దగ్గరే తంటాలు పడతారు. బ్యాటరీ ముందు ఉంది. సామాను పెట్టుకునే ముందు డిక్కీలో, ముందు అద్దం అడుగు వైపున, ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. దీనికి కారణం ఉంది. ఈ కారు బరువంతా వెనకకే మొగ్గుతుంది. పదిహేను, ఇరవై కిలోల బ్యాటరీని ముందుకు తెస్తే కొంతైనా సర్దుకుంటుంది. పైగా ఇంజిన్ వేడికి దూరంగా ఉంటుంది. లెడ్ బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు కనుక చెన్నైలాంటి ఊళ్ళో ఇది మేలే.

చిక్కు ఎక్కడంటే, మీ బావగారి కారు తరాన్ని 997 అంటారు, ఇందులో ముందు మూత తాళం కరెంటుతోనే విడుతుంది. డ్రైవరు సీటు పక్కన గడప మీద ఉన్న స్విచ్ లాగితే ఒక చిన్న మోటారు తాళం విప్పుతుంది. బ్యాటరీ దిగిపోతే ఆ మోటారు కదలదు, మూత తెరవనిదే బ్యాటరీ అందదు. అందుకని స్క్రూడ్రైవరుతో మూత అంచు ఎత్తిన వాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఈ చిక్కును కారు తయారు చేసినవాళ్ళు ముందే ఊహించి దారి పెట్టారు. తెలియని స్పోర్ట్స్ కారు ముందు నిలబడినప్పుడు నేను ముందు చూసేది తయారుచేసినవాళ్ళు బయటి కరెంటును ఎక్కడ ఇమ్మన్నారన్నది. బ్యాటరీ ఎక్కడుందన్న ప్రశ్న ఆ తరువాతే. ఆ రెండూ ఒకే చోట ఉండాలన్న నియమం లేదు, కొన్ని స్పోర్ట్స్ కార్లలో వేరుగా ఉంటాయి. యజమాని పుస్తకం గ్లవ్‌బాక్సులో ఉంటుంది. అది పోయి ఉంటే మీ బావగారిని ఫోనులో అడగండి, ఆయన దగ్గర సాఫ్ట్ కాపీ ఉండవచ్చు. నేను కింద రాసినదాన్ని ఆ పుస్తకంలో బొమ్మతో పోల్చి చూసుకుని గాని పని మొదలుపెట్టకండి.

చేతి ఉంగరాలు, కడియం, లోహపు గొలుసు ఉన్న గడియారం తీసి పక్కన పెట్టండి. బంగారు ఉంగరం ఒకవైపు పాజిటివ్‌కు, మరోవైపు కారు బాడీకి తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని తినేస్తుంది. కారు తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. కరెంటు తిరిగి రాగానే తలుపులకు తాళం పడే అవకాశం ఉంది.

రిమోట్ పనిచేయదు కనుక తాళంచెవిని తలుపు రంధ్రంలో పెట్టి తిప్పి తెరవండి. ఇక్కడ ఒక జాగ్రత్త చాలామందికి తెలియదు. ఈ కారు తలుపు అద్దానికి చుట్టూ ఫ్రేము లేదు. మామూలు రోజుల్లో పిడి లాగగానే అద్దం కాస్త కిందికి జారుతుంది, తలుపు మూశాక మళ్ళీ పైకి వెళ్ళి రబ్బరు గాడిలో కూర్చుంటుంది. బ్యాటరీ లేనప్పుడు ఈ కదలిక ఉండదు. అద్దం రబ్బరులో ఇరుక్కుని ఉండగానే తలుపు లాగుతున్నారని గుర్తుపెట్టుకుని, అద్దాన్ని అరచేత్తో ఆనించి నెమ్మదిగా తెరవండి. తెరిచాక మూయకండి. అద్దం అంచు గాడి బయట తగులుతుండగా బలంగా వేస్తే రబ్బరు చిరుగుతుంది, అద్దమే పగలవచ్చు. మందపాటి తువ్వాలు మడిచి తలుపుకు అడ్డం పెట్టండి. పక్క కారుకూ మీ కారుకూ మధ్య తలుపు తెరిచి ఉంచేంత చోటు ఉందో లేదో కూడా ముందే చూసుకోండి.

ముందు సీటులో కాళ్ళు పెట్టుకునే చోట, పక్క గోడకు ప్లాస్టిక్ మూతతో ఫ్యూజుల పెట్టె కనిపిస్తుంది. మూత తీస్తే ఫ్యూజుల వరసల మధ్య బయటికి లాగగలిగే పాజిటివ్ పిన్ను ఒకటి ఉంటుంది. దాన్ని లాగండి. బయటి నుంచి తెచ్చిన 12 వోల్టుల బ్యాటరీ పాజిటివ్ నుంచి ఎర్ర వైరును ఆ పిన్నుకు తగిలించండి. అదే బ్యాటరీ నెగటివ్ నుంచి నల్ల వైరును, తలుపు ఒక హద్దు దాటి తెరుచుకోకుండా ఆపే లోహపు పట్టీకి తగిలించండి. ఎర్ర క్లిప్పు పిన్నుకు తప్ప చుట్టుపక్కల మరే లోహానికీ తగలకూడదు. పెద్ద క్లిప్పులు అక్కడ ఇమడకపోతే చిన్న మొసలి క్లిప్పులున్న వైర్లు వాడండి.

నల్ల క్లిప్పు తగిలిన మరుక్షణం అలారం మోగే అవకాశం ఎక్కువ. సెల్లార్‌లో ఆ మోతకు ఉలిక్కిపడి వైరు పీకేస్తారు, అప్పుడే ఎర్ర క్లిప్పు జారి బాడీకి తగులుతుంది. అందుకే వాచ్‌మన్‌కు ముందే చెప్పి, రిమోట్ చేతిలో పట్టుకుని తగిలించండి. తెరిచే బటన్ నొక్కగానే ఆగిపోతుంది. తరువాత ముందు మూత బొమ్మ ఉన్న స్విచ్ లాగండి. రెండో మనిషి ఎవరైనా ముందు నిలబడి అదే సమయంలో మూతను ఎత్తితే మంచిది. తెరుచుకున్నాక నల్ల వైరు ముందు తీసి, తరువాత ఎర్రది తీసి, పిన్నును లోపలికి నొక్కి, పెట్టె మూత పెట్టేయండి.

ఈ పిన్ను నుంచి కారు స్టార్ట్ చేయాలని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. సెల్ఫ్ మోటారు తిరగడానికి వందల ఆంపియర్లు కావాలి. ఈ దారి మూత తాళం విప్పే చిన్న మోటారు కోసం పెట్టినది, అంతే.

ఈ పనికి ఏ బ్యాటరీ వాడాలన్నది మీ తరువాతి ప్రశ్న. పూర్తి చార్జింగ్‌తో ఉన్న చిన్న కారు బ్యాటరీ అన్నిటికంటే మేలు. స్కూటర్ బ్యాటరీతో కూడా కొన్నిసార్లు పని అయిపోతుంది, కానీ దిగిపోయిన పెద్ద బ్యాటరీ దాన్ని కూడా కిందికి లాగుతుంది కనుక పూర్తిగా నమ్మలేం. ఇంట్లోని ఇన్వర్టర్ బ్యాటరీ కూడా 12 వోల్టులదే, కానీ దాన్ని సెల్లార్‌కు మోయడం నడుముకూ మంచిది కాదు, లోపలి యాసిడ్ ఒలికితే చర్మానికీ మంచిది కాదు. చేతిలో పట్టే జంప్ ప్యాకులు (బయటి నుంచి కరెంటు ఇచ్చి కారును లేపే చిన్న బ్యాటరీలు) ఒక సంగతిలో మోసం చేస్తాయి. అవతలి బ్యాటరీ మరీ దిగిపోయి ఉంటే అక్కడ బ్యాటరీయే లేదనుకుని కరెంటు ఇవ్వవు. అప్పుడు చాలామంది, బలవంతంగా కరెంటు ఇప్పించే ఓవర్‌రైడ్ బటన్ నొక్కుతారు. చాలా ప్యాకుల్లో ఆ బటన్ నొక్కితే పాజిటివ్, నెగటివ్ తారుమారైనప్పుడు కాపాడే రక్షణ కూడా పోతుంది. నొక్కక తప్పదంటే క్లిప్పులు మళ్ళీ ఒకసారి చూసుకుని నొక్కండి.

మూత తెరుచుకుందా? ఇక దాన్ని మూయకండి. బ్యాటరీలో ప్రాణం లేకుండా మూత పడిపోతే తంతు మొత్తం మొదటికి వస్తుంది. పిల్లలు, వాచ్‌మన్, శుభ్రం చేసేవాళ్ళు ఎవరూ మూయకుండా కాగితం రాసి అంటించండి.

బ్యాటరీ మీది ప్లాస్టిక్ మూత తీసి కళ్ళతో పరిశీలించండి. పక్కలు ఉబ్బి ఉన్నా, పెంకు పగిలినా, కుళ్ళిన గుడ్డు వాసన వస్తున్నా దానికి చార్జింగూ వద్దు, జంపూ వద్దు, మార్చడమే. టెర్మినళ్ళ మీద తెల్లటి లేదా పచ్చటి పొడి ఉంటే, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. నీళ్ళు పోయకండి. తరువాత లేబుల్ చదవండి. సాధారణ లెడ్ బ్యాటరీయా, ఏజీఎం రకమా (యాసిడ్‌ను గాజు పీచు పలకల్లో పీల్చి ఉంచే లెడ్ బ్యాటరీ), లిథియమా అన్నది తేలాలి. లిథియం అంటే ఆశ్చర్యపోకండి. 2010లోనే పోర్షే 911 జీటీ3 వంటి మోడళ్ళకు లిథియం స్టార్టర్ బ్యాటరీని ఐచ్ఛికంగా ఇచ్చింది. దాని బరువు 6 కిలోల లోపే. మీ బావగారిది అది కాకపోవచ్చు, కానీ బయట లిథియం వేయించుకునే యజమానులు ఉన్నారు. లిథియం అని తేలితే దానికోసం తయారైన చార్జర్ తప్ప మరొకటి తగిలించకండి.

వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఒకటి తెచ్చుకోండి. ఇంజిన్ ఆపి ఉన్న కారు బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.8కి దిగితే దాదాపు ఖాళీ. రెండు నెలలు ఆగిన కారు కనుక మీకు ఇంకా తక్కువే చూపించవచ్చు. లెక్క వేసి చూడండి. ఆపి తాళం వేసిన కారులో కూడా అలారం, రిమోట్ సంకేతం కోసం ఎదురుచూసే రిసీవరు కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. అది 40 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు దాదాపు 1 ఆంపియర్ అవర్, రెండు నెలలకు 60. ఈ కారు బ్యాటరీ 70, 80 ఆంపియర్ అవర్ల స్థాయిది. డాష్ కెమెరానో, జీపీఎస్ ట్రాకరో తగిలించి ఉంటే ఇంకా ముందే ఖాళీ. కాబట్టి కారులో ఏదో పెద్ద లోపం ఉందని ఇప్పుడే భయపడనక్కరలేదు.

ఇప్పుడు నా సలహా సూటిగా చెబుతాను. మీ బావగారు రావడానికి ఇంకా రోజులున్నాయి. అలాంటప్పుడు జంప్ స్టార్ట్ చేయకండి, చార్జర్ పెట్టండి. జంప్ స్టార్ట్ అనేది దారిలో చిక్కుకున్నవాడి ఆఖరి ఉపాయం. ఖాళీ బ్యాటరీతో ఇంజిన్ లేపితే దాన్ని నింపే భారమంతా కారు ఆల్టర్నేటర్ మీద పడుతుంది. అది నడుస్తున్న కారుకు కరెంటు ఇస్తూ, తగ్గినదాన్ని పూడ్చడానికి పెట్టినది, అడుగంటిన బ్యాటరీని ఒక్క దెబ్బలో నింపడానికి కాదు. పైగా వోల్టేజీ తక్కువగా ఉన్న స్థితిలో కంప్యూటర్లు మేల్కొంటే లేనిపోని హెచ్చరికలన్నీ డాష్‌బోర్డు మీద వెలుగుతాయి, అవి చూసి మీ బావగారి గుండె జారుతుంది. తెలివైన ఆటోమేటిక్ చార్జర్, 5 నుంచి 8 ఆంపియర్లది, ఒక రాత్రీ పగలూ పెట్టి వదిలేస్తే బ్యాటరీ నెమ్మదిగా తేరుకుంటుంది. మరీ దిగిపోయిన బ్యాటరీని కొన్ని చార్జర్లు గుర్తించవు, తేర్చే ప్రత్యేక పద్ధతి ఉన్న చార్జర్ అడిగి తీసుకోండి. మౌంట్ రోడ్డు పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కారు సామాన్ల దుకాణాల్లో చార్జర్లు, వైర్లు, మీటర్లు అన్నీ దొరుకుతాయి. సెల్లార్‌లో ప్లగ్ పాయింటు లేకపోతే మంచి మందం ఉన్న ఎక్స్‌టెన్షన్ వైరు వాడండి, అది నేల మీది తడిలో పడి ఉండకుండా చూడండి. పొగ తాగేవాళ్ళను ఆ దరిదాపులకు రానివ్వకండి. చార్జింగ్ అవుతున్నప్పుడు లెడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది.

అయినా జంప్ చేయక తప్పని రోజు ఒకటి వస్తుంది, అందుకే ఆ పద్ధతీ రాస్తున్నాను.

సాయం చేసే కారు 12 వోల్టుల పెట్రోలు లేదా డీజిల్ కారు కావాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లను ఈ పనికి వాడకండి. మారుతి చిన్న కారైనా సరే, కాకపోతే దాని బ్యాటరీ మీదానిలో సగమే కనుక ఓపిక పట్టాలి. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు. వైర్ల విషయంలో పిసినారితనం వద్దు. పెట్రోలు బంకుల దగ్గర, రోడ్డు పక్కన అమ్మే సన్నటి వైర్లకు పైన రబ్బరు మందంగా ఉంటుంది, లోపల లోహం పలచగా ఉంటుంది, అది కూడా రాగి పూత పూసిన అల్యూమినియం. సెల్ఫ్ కొట్టగానే అవి వేడెక్కి పొగలు కక్కుతాయి, కరెంటు మాత్రం అవతలికి చేరదు. అసలైన రాగి, 25 చదరపు మిల్లీమీటర్ల మందం ఉన్నది కొనండి.

వరస ఇది. ఎర్ర వైరు ఒక కొన దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొన సాయం చేసే కారు పాజిటివ్‌కు. నల్ల వైరు ఒక కొన సాయం చేసే కారు నెగటివ్‌కు. నల్ల వైరు రెండో కొనను దిగిపోయిన బ్యాటరీ నెగటివ్‌కు కాకుండా, బ్యాటరీకి దూరంగా, పెయింటు లేని గట్టి లోహపు భాగానికి లేదా పుస్తకంలో చూపించిన ఎర్త్ బోల్టుకు తగిలించండి. ఆఖరి క్లిప్పు తగిలినప్పుడు నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ మీద ఆ రవ్వ పడితే, అక్కడ పేరుకున్న హైడ్రోజన్ అంటుకుని బ్యాటరీ పగిలి యాసిడ్ మొహం మీదికి చిమ్ముతుంది. కళ్ళద్దాలు పెట్టుకోమని నేను ప్రతి కుర్రాడికీ చెప్పేది ఇందుకే. ఇక ఎరుపూ నలుపూ తారుమారైతే ఆల్టర్నేటర్ డయోడ్లు, పెద్ద ఫ్యూజులు క్షణంలో పోతాయి. తుడిచి, టెర్మినల్ పక్కన ముద్రించిన ప్లస్ గుర్తును కళ్ళతో చూసి తగిలించండి. వైరు రంగును మాత్రమే నమ్మకండి, పాత కార్లలో ఎవరో ఎప్పుడో మార్చి ఉంటారు.

సాయం చేసే కారును స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి పట్టి, పది నిమిషాలు ఆగండి. చాలామంది ఈ పది నిమిషాలు ఆగలేక ఓడిపోతారు. తరువాత మీ కారు సెల్ఫ్ కొట్టండి, పది సెకన్లకు మించి వద్దు. లేవకపోతే ఒక నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించండి. మూడోసారికి కూడా లేవకపోతే ఆపేయండి. అప్పుడు శబ్దం ఏం చెబుతోందో వినండి. టకటకమని వరసగా కొట్టుకుంటే కరెంటు చాలడం లేదు, క్లిప్పులు సరిగా పట్టలేదు. ఒక్కసారి టక్‌మని ఊరుకుంటే సెల్ఫ్ మోటారునో దాని కనెక్షనునో అనుమానించాలి. ఇంజిన్ చక్కగా తిరుగుతున్నా అంటుకోకపోతే బ్యాటరీ తప్పు కాదు, పెట్రోలు సరఫరానో, సరైన తాళంచెవి కాకపోతే ఇంజిన్‌ను లేవనివ్వని ఇమొబిలైజరో చూడాలి. ఎంత సెల్ఫ్ కొట్టినా ఇక లాభం లేదు.

లేచాక వైర్లు తీసేటప్పుడు వరస తలకిందులు. మీ కారు లోహం మీది నల్ల క్లిప్పు మొదట, ఎర్ర క్లిప్పులు చివర. బ్యాటరీ మీద మీటర్ పెడితే 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య చూపాలి. 12 దగ్గరే ఆగిపోతే ఆల్టర్నేటర్ పనిచేయడం లేదు, ఆ కారుతో రోడ్డెక్కకండి. అన్నీ బాగుంటే వెంటనే బయటికి నడపండి. మూసిన సెల్లార్‌లో ఇంజిన్ నడుపుతూ నిలబడకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ఐదు నిమిషాలు నిలబెట్టి నడిపితే బ్యాటరీ నిండదు, రద్దీ లేని దారిలో ముప్పావు గంటైనా నడపాలి, ఆ రాత్రి మళ్ళీ చార్జర్ పెట్టాలి. కొన్ని హెచ్చరిక దీపాలు కాసేపు వెలిగి ఉండవచ్చు. స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, కొంత దూరం నడిపితే, కారు పట్టు తప్పి జారకుండా చూసే స్థిరత్వ వ్యవస్థ హెచ్చరిక చాలాసార్లు దానంతట అదే ఆరిపోతుంది. అద్దాలు ఒక్క నొక్కుతో పైకి వెళ్ళకపోతే, పూర్తిగా ఎత్తి స్విచ్‌ను కాసేపు అలాగే పట్టుకోండి.

ఒక మాట తప్పకుండా చెప్పాలి. మీ సెల్లార్‌లోకి ఈ మధ్య వాన నీళ్ళు వచ్చాయా? 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకూ చెన్నై సెల్లార్లలో ఎన్ని కార్లు మునిగాయో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు తెలుసు. గోడ మీద నీటి చార, కారు లోపల తివాచీ తడి, సీటు పట్టాల మీద తుప్పు, ఇవి చూడండి. ఏ ఒక్కటి కనిపించినా కారుకు కరెంటు ఇవ్వకండి, చార్జర్ కూడా వద్దు, సెల్ఫ్ అసలే వద్దు. నీళ్ళు సిలిండర్లలో ఉండగా ఇంజిన్ తిరిగితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. వర్క్‌షాపుకు చదునైన బల్ల ఉన్న లారీ మీదే తీసుకువెళ్ళాలి. సెల్లార్ ఎత్తు చాలక ఆ లారీ లోపలికి రాదు కనుక, చక్రాల కింద పెట్టి దొర్లించే పలకలు ఉన్నాయో లేదో ఫోనులోనే అడగండి.

ఇదే ప్రశ్న వేరే కార్ల గురించి కూడా వస్తుంటుంది కనుక క్లుప్తంగా. నిస్సాన్ 370జెడ్, జీటీ-ఆర్, ఫోర్డ్ మస్టాంగ్ కార్లలో బ్యాటరీ ముందు బానెట్ కిందే ఉంటుంది. మొదటి రెండింటిలో అద్దం వైపు మూలన ప్లాస్టిక్ మూత కింద దాక్కుని ఉంటుంది, అందుకే బానెట్ ఎత్తగానే కనబడదు. ఆడి ఆర్8లో ఇంజిన్ మధ్యలో, బ్యాటరీ ముందు డిక్కీ అడుగున. రెండో తరం ఆడి టీటీలో వెనక డిక్కీ నేల కింద. బీఎండబ్ల్యూ జెడ్4లో బ్యాటరీ వెనక, కానీ జంప్ కోసం పాయింట్లు ముందు బానెట్ కింద ఇచ్చారు. అలా ఇచ్చినప్పుడు వెనకకు వెళ్ళి నేరుగా బ్యాటరీకే తగిలించడం తెలివి కాదు. చాలా బీఎండబ్ల్యూల్లో నెగటివ్ టెర్మినల్ మీద కరెంటును కొలిచే సెన్సర్ ఉంటుంది, క్లిప్పు దాని మీద పెడితే సెన్సర్ చెడవచ్చు, చెడకపోయినా లెక్క తప్పుతుంది. వెనక బ్యాటరీ ఉన్న బీఎండబ్ల్యూల్లో పాజిటివ్ క్లాంపుకు ప్రమాదం జరిగినప్పుడు సెల్ఫ్ మోటారు వైరును పేల్చి తెంచే చిన్న మందు గుళిక కూడా ఉంటుంది, దాన్ని కెలకకూడదు. 2001 తరువాతి తరం మెర్సిడెస్ ఎస్ఎల్ వంటి వాటిలో బ్యాటరీలు రెండు, ముందుది సెల్ఫ్ మోటారుకు, వెనకది మిగతా కారుకు. ఒకటి నింపి రెండోదాన్ని మరిచిపోయి, కారు ఎందుకు లేవడం లేదని తల పట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఏ కారైనా పుస్తకం లేకపోతే ప్లస్ గుర్తు ఉన్న ఎర్ర టోపీ కోసం, లావుపాటి ఎర్ర వైరు ఎటు పోతోందో దాని కోసం వెతకండి. డిక్కీ తెరుచుకోకపోతే రిమోట్ లోపల దాచిన చిన్న తాళంచెవి ఉంటుంది.

చార్జింగ్ పూర్తయ్యాక చార్జర్ తీసేసి, ఒక రాత్రి కారును ముట్టుకోకుండా వదలండి. పొద్దున్నే వోల్టేజీ కొలవండి. 12.5 దగ్గర నిలిస్తే ఆదివారం ప్రయాణానికి భయం లేదు. 12.2కి పడిపోతే బ్యాటరీ లోపల సల్ఫేటు పేరుకుపోయి ఉండవచ్చు, లోడ్ పరీక్ష (ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ తట్టుకుంటుందో లేదో చూసేది) చేయించాలి. మార్చాల్సి వస్తే పాతది ఏ రకమో, ఎన్ని ఆంపియర్ అవర్లదో, ఏ కొలతదో అదే తీసుకోండి. బ్యాటరీ వాయువులను బయటికి పంపే గొట్టం ఉంటే దాన్ని తిరిగి తగిలించమని దగ్గరుండి చూసుకోండి. టైర్లలో కూడా గాలి తగ్గి ఉంటుంది. ముందు, వెనక ఒత్తిళ్ళు వేరువేరు కనుక పుస్తకంలో చూసి కొట్టించండి. బ్యాటరీ లేబుల్ ఫోటో, రాత్రి ఆగిన తరువాత వచ్చిన రీడింగ్ ఇక్కడ పెడితే, కొత్తది కొనాలో అక్కరలేదో నేను చెబుతాను.